ఏడో గడిలో పన్ను

జిప్పు కుట్టాలంటే మిషనుకి ఒంటికాలి పాదం తొడగాలి.
రెండుకాళ్ళదైతే పళ్ళ మీదికెక్కి
సూది విరుగుతుంది.
ఈ వారంలో మూడు విరిగాయి,
ఒక ముక్క ఎగిరొచ్చి కళ్ళద్దానికి తగిలింది.
అర్డిత్ చూసుంటే అనేది:
"తొందరకి ఎవరూ జీతమివ్వరే."

పన్నెండు గడుల బొంత ఇది.
మా ఆయన వేటకోటులోంచి పొడవాటి ఇత్తడి జిప్పు,
స్లీపింగ్ బ్యాగులోంచి అటూ ఇటూ తెరుచుకునేది,
చర్చి సంతలో పాతిక సెంట్లకు కొన్న బూట్లవి ఒక జత,
నా పెళ్ళిగౌను పక్కకుట్టులోది, తెల్లగా, సన్నగా.
అది ఆనాడే సరిగా పట్టేది కాదు
ఫోటోలన్నిట్లో చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నాను.

రెండు గడుల్లో మాత్రం
జిప్పుని నిలువునా విడదీసి, చుట్ట చుట్టి
పువ్వులు చేశాను.
రేకు అంచున పళ్ళ వరస, ఇత్తడి మెరుపు.
ఉత్త అందానికే.
మిగతావి తెరుచుకుంటాయి గాని లోపల ఏమీ లేదు,
కాస్త పూలగుడ్డ.
ఒకదాంట్లో బొత్తం పెట్టాను, ఎందుకో.

పెన్సిల్వేనియాలో, ఏటి ఒడ్డున, ఎర్ర ఇటుకల మిల్లులో
ఇరవయ్యారేళ్ళు
నేను పళ్ళు దిగ్గొట్టేదాన్ని
తను పళ్ళు లెక్కపెట్టేది.
బొటనవేలి గోటిని అలా ఒక్కసారి జార్చేది.
చప్పుడులో వెంట్రుకవాసి తేడా వస్తే చాలు
ఎర్ర మైనపు పెన్సిలు.

ఒక జనవరిలో
పిల్లాడికి చెవిపోటు, నాకు మూడు రాత్రులుగా నిద్ర లేదు,
చెడిపోయిన పెట్టెనొకదాన్ని
మంచివాటి అడుక్కి తోశాను.
పట్టేసింది.
అరపూట జీతం పోయింది.
ఆ తర్వాత నాలుగేళ్ళు భోజనాల బల్ల దగ్గర
ఎదురెదురుగా కూర్చుని
పంటి బిగువున తిన్నాం ఇద్దరం.

మిల్లు మూసేసిన రోజు తనే వచ్చి
నా డబ్బాలో సగం శాండ్‌విచ్ పెట్టింది.
గుడ్డుది. ఉప్పెక్కువైంది.
అదే రాజీ.

ఇప్పుడు తనుండేది కొండమీది హోములో, పద్నాలుగో గది.
నా పేరు తన దగ్గర లేదు.
కొడుకు పేరు ఉండీ ఉండనట్టు.
చేతులొకటే ఊరుకోవు.
దుప్పటి అంచు, గౌను అంచు, నర్సు కోటు అంచు,
బొటనవేలు జారుతూనే ఉంటుంది
దేన్నో వెతుక్కుంటూ.

మొన్న మంగళవారం ఒళ్ళో పరిచాను.
చూడలేదు. కిటికీ అవతల మంచు చూస్తోంది.
కాసేపటికి బొటనవేలు లేచింది.
మొదటి గడి. సర్ర్.
రెండోది. సర్ర్.
పువ్వుల్ని దాటేసింది, అవి తన పని కాదన్నట్టు.
ఏడో గడి దగ్గర ఆగి
వెనక్కొచ్చి
మళ్ళీ జార్చి
"ఇది పాసవదు" అంది.

గొంతు అదే. మిషన్ల రొదని కోసుకుంటూ వచ్చే గొంతు.
చెయ్యి చాచింది.
పెన్సిలు కోసమని తెలియడానికి నాకు నిమిషం పట్టింది.
సంచి వెతికి లిప్‌స్టిక్ ఇచ్చాను.
నా మూడు నెలల పని మీద
ఎర్రగా అడ్డగీత.
నర్సు అయ్యో అంది.
నేను అనలేదు.

ఇంటికొచ్చి దీపం కింద లెక్కపెట్టాను.
నలభయ్యో పన్ను లేదు.
నాకు తెలుసు.
కుట్టేటప్పుడే తెలుసు.
ఇంక ఎవరు చూస్తారులే అనుకున్నాను.

కుట్లు విప్పి ఇంకోటి వేశాను,
జారడానికి కొవ్వొత్తి రుద్దాను.
లిప్‌స్టిక్ మరక పోలేదు.
పోవాలని నేనూ పెద్దగా రుద్దలేదు.

రేపు మళ్ళీ మంగళవారం.
బొంత మడత పెట్టబోతూ ఆగి
సొరుగులోంచి చిన్న పట్టకారు తీసి
పదకొండో గడిలో
ఒక పన్ను పీకాను.